నాలుగో ఇల్లు: సాలూరు ఫైర్ స్టేషన్ చూసొచ్చేక

 

ఈసారి మిమ్మల్ని సాలూరు తీసుకెళ్తాను. గుడి చూడ్డానికి కాదు, జలపాతం చూడ్డానికీ కాదు. ఫైర్ స్టేషన్ చూడ్డానికి. నవ్వకండి. చివరిదాకా వింటే ఎందుకు వెళ్ళేనో మీకే తెలుస్తుంది.

ఇదంతా ఒక వీడియోతో మొదలైంది. మా తోడల్లుడి కొడుకు అమెరికాలో ఉంటున్నాడు. పెద్ద సిటీ కాదు, కొండల మధ్య ఓ చిన్న ఊరు. ఓ ఆదివారం వాడు ఫోన్లో వీడియో పంపేడు. ఒక షెడ్డు. అందులో తళతళలాడుతూ రెండు ఎర్ర ఇంజన్లు. బయట బల్లలు వేసి ఊరందరికీ టిఫిన్లు పెడుతున్నారు. పెనం మీద అట్లు పోస్తున్నాయన ఊళ్ళో మెకానిక్కట. ప్లేట్లు అందిస్తున్నావిడ బళ్ళో టీచరట. "బాబాయ్, ఈ ఊరి ఫైర్‌వాళ్ళు వీళ్ళే. ఒక్కళ్ళకీ జీతం లేదు. ఈ టిఫిన్ల డబ్బుతో గొట్టాలు కొనుక్కుంటారు" అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. జీతం లేకుండా మంటల్లోకి ఎవడు దూకుతాడు అనుకున్నాను. అంతలో మా చినమావ గుర్తొచ్చేడు. నవ్వు ఆగిపోయింది. చినమావ సంగతి తరవాత చెప్తాను. ముందు సాలూరు పదండి.

విజయనగరం నుంచి రాయపూర్ వైపు వెళ్ళే జాతీయ రహదారి ఉంది కదా, ఇప్పుడు దాని నంబరు 26, పాతవాళ్ళు ఇంకా 43 అనే అంటారు. ఆ రోడ్డు మీద గజపతినగరం, రామభద్రపురం దాటి, ఘాట్ ఎక్కబోయే ముందు వచ్చే ఆఖరి పట్నం సాలూరు. పక్కన వేగావతి నది. 2022 ఏప్రిల్ 4 దాకా ఇది విజయనగరం జిల్లా. ఆ రోజునుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. కాగితం మారింది గానీ మాకు మాత్రం ఇప్పటికీ అది విజయనగరం జిల్లా సాలూరే.

సాలూరు అనగానే మావైపు ఎవరికైనా గుర్తొచ్చేది లారీలు. ఇంటికో లారీ అని సరదాగా అనేవారు. బాడీలు కట్టే షెడ్లు, టైర్ల కొట్లు, రంగులేసే వాళ్ళు, లారీ వెనకాల బొమ్మలు గీసేవాళ్ళు. ఊరు దాటేక కొండలు మొదలవుతాయి. ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి, ఆ పైన కోరాపుట్. అంటే సాలూరు కొండ మీద ఊరు కాదు, కొండకి గుమ్మం లాంటి ఊరు. పైనుంచి చింతపండు, అల్లం, పసుపు, జీడిపిక్కలు కిందకి దిగుతాయి. కిందనుంచి ఉప్పు, కిరసనాయిలు, బట్టలు, సిమెంటు పైకెక్కుతాయి. జాతాపులు, కొండదొరలు, గదబలు సంతకి దిగొస్తే రోడ్డంతా కళకళలాడుతుంది.

ఇంత కొండకీ, ఇన్ని ఊళ్ళకీ, ఇన్ని లారీలకీ నిప్పంటుకుంటే ఫోన్ మోగేది ఈ సాలూరు ఫైర్ స్టేషన్‌లోనే.

నేను వెళ్ళింది ఏప్రిల్ నెల, ఎండ చిటపటలాడుతోంది. ఏప్రిల్‌లోనే వెళ్ళడానికి ఒక కారణం ఉంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఎందుకో తెలుసా? 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకి నిప్పంటుకుంది. ఆ ఓడలో ఒకవైపు పత్తి బేళ్ళు, ఇంకోవైపు పేలుడు సామాను. ఆర్పడానికి వెళ్ళినవాళ్ళు నీళ్ళు కొడుతూ ఉండగానే ఓడ పేలిపోయింది. ఫైర్ సిబ్బందే 66 మంది పోయేరు. వాళ్ళని తలుచుకోవడానికే ఆ వారం. మనం ఆ వారంలో స్కూలు పిల్లలకి సిలిండర్ మంట ఆర్పి చూపిస్తాం, కరపత్రాలు పంచుతాం. ఎందుకు పంచుతున్నామో మాత్రం చెప్పం.

స్టేషన్ గురించి చెప్పాలంటే పెద్దగా హంగేమీ లేదు. ఎర్ర బండి రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంటుంది. ఏ స్టేషన్‌లోనైనా అలాగే ఉంటుంది. వెనక్కి తిప్పుకునే టైము ఉండకూడదు కదా. గోడకి ఇసక బకెట్లు. కడిగి ఆరేసిన గొట్టాలు. బల్ల మీద ఫోను, పక్కన రిజిస్టరు. ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, వీళ్ళందరి మీదా స్టేషన్ ఫైర్ ఆఫీసరు. నేనేదో వీడియోలు తీసేవాణ్ణని ముందు కొంచెం బెరుకుగా చూసేరు. టీ తాగేక మాట కలిసింది.

నేనడిగిన మొదటి ప్రశ్న, "ఫోనొచ్చేక మీరు వెళ్ళేటప్పటికి అక్కడ ఎవరుంటారండీ?"

అక్కడున్నవాళ్ళలో పెద్దాయన ఒకాయన నవ్వేడు. "ఊరుంటాదండి" అన్నాడు.

ఆ రెండు మాటల చుట్టూనే ఇవాళ్టి ఎపిసోడ్ అంతా.

చిన్న లెక్క చెప్తాను. మామూలు ఫైరింజనులో పట్టేవి 4,500 లీటర్ల నీళ్ళు. ఒక గొట్టం పెట్టి కొడితే నిమిషానికి సుమారు నాలుగైదు వందల లీటర్లు పోతాయి. అంటే పది నిమిషాలు. రెండు గొట్టాలు పెడితే అయిదు నిమిషాలు. ఆ తరవాత మళ్ళీ నీళ్ళు కావాలి. చెరువు ఎక్కడ, గెడ్డ ఎక్కడ, ఏ నూతిలో నీళ్ళున్నాయి, ఏ దారిలో బండి పడుతుంది? అది చెప్పాల్సింది ఎవరు? ఊరే.

ఇప్పుడు దూరం లెక్క. ఘాట్ మీద ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఓ ఊరుందనుకుందాం. నీళ్ళు నింపిన బండి ఆ మలుపుల్లో గంటకి పాతిక, ముప్ఫై కిలోమీటర్ల కన్నా పరిగెత్తదు. పరిగెత్తకూడదు కూడా. అంటే గంట పైమాటే. మరి గడ్డి కప్పు ఎంతసేపు కాలుతుంది? చైత్ర వైశాఖాల్లో, గాలి ఉన్నప్పుడు, పది పదిహేను నిమిషాలు. టీ కాచుకునేంతసేపట్లో ఇల్లు పోతుంది.

మనదేశంలో ఫైర్ సర్వీసుల మీద సలహాలివ్వడానికి కేంద్ర ప్రభుత్వం 1955లో ఒక స్టాండింగ్ కమిటీ వేసింది. ఆ కమిటీ నిబంధనల ప్రకారం పట్నాల్లో అయితే బండి 5 నుంచి 7 నిమిషాల్లో చేరాలి. పల్లెల్లో 20 నిమిషాల్లో చేరాలి. 20 నిమిషాలు! ఘాట్ కింద మొదటి మలుపు దాటేసరికే ఆ 20 నిమిషాలూ అయిపోతాయి. ఇందులో ఫైర్‌వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు దేవుళ్ళు కాదు, బండి విమానం కాదు.

ఇంకో సంగతి చెప్తే మీరు ఆశ్చర్యపోతారు. నేనూ ఆశ్చర్యపోయేను. రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూలు ఉంది. మునిసిపాలిటీలు చూసుకోవలసిన పనులు 18 అందులో రాసి ఉంటాయి. వాటిలో ఏడోది ఫైర్ సర్వీసు. పదకొండో షెడ్యూలు పంచాయతీలది. అందులో 29 పనులున్నాయి. వ్యవసాయం ఉంది, చేపల పెంపకం ఉంది, లైబ్రరీలున్నాయి, సంతలున్నాయి. నిప్పు ఆర్పడం మాత్రం లేదు. వెతికి వెతికి చూసేను, లేదు. అంటే పట్నంలో నిప్పంటుకుంటే చూసుకోవలసినవాడు కాగితం మీదైనా ఒకడున్నాడు. పల్లెలో నిప్పంటుకుంటే ఊరి పెద్దగా సర్పంచి పరిగెత్తుకొస్తాడు గానీ, అది ఆయన పని అని ఆ జాబితాలో ఎక్కడా లేదు.

సాలూరు మండలంలోనే పైన కొటియా ఊళ్ళున్నాయి. 21 గ్రామాలు. ఆంధ్రా మాదంటుంది, ఒడిశా మాదంటుంది. దశాబ్దాల తగువు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎన్నికలొస్తే రెండు రాష్ట్రాల వాళ్ళూ పైకెక్కుతారు. ఆ ఊళ్ళలో ఇల్లంటుకుంటే ఏ రాష్ట్రం ఇంజను ముందొస్తుందని నేను ఆ పెద్దాయన్ని అడగలేదు. అడక్కుండానే జవాబు తెలుసు. పక్కింటివాడు ముందొస్తాడు.

ఇప్పుడు మా చినమావ సంగతి.

మా అమ్మగారి ఊరు సాలూరుకీ మక్కువకీ మధ్య ఓ చిన్న వలస. 1980ల మొదట్లో మాట. నాకు తొమ్మిదేళ్ళుంటాయి. వేసవి సెలవులకి వెళ్ళేను. అప్పటికి ఆ ఊళ్ళో అన్నీ గడ్డి ఇళ్ళే. రెండు వరసలు, ఎదురెదురుగా. ఈ ఇంటి చూరూ ఆ ఇంటి చూరూ తగులుతుంటాయి. మధ్యాన్నం వేళ. పడమటి గాలి కొడుతోంది. వరసలో చివరింట్లో పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచింది. "అగ్గి! అగ్గి!" అని కేక వినపడి బయటికి పరిగెత్తేసరికి ఆ ఇంటి కప్పు నడినెత్తి మీద మంట.

ఫోన్ల కాలం కాదు. ఒక కుర్రోడు సైకిలెక్కి సాలూరు పరిగెట్టేడు. ఆడవాళ్ళు నూతి దగ్గర్నుంచి వరసగా నిలబడ్డారు. బిందె చేతులు మారుతోంది. మా అమ్మ ఉంది ఆ వరసలో, మా పెద్దమ్మ ఉంది, నెలలు నిండినావిడ ఒకావిడ ఉంది, ఎవరు చెప్పినా వినలేదు. నుయ్యి వేసవిలో అడుగంటి ఉంది. నాలుగు బిందెలకి ఓసారి చేద బురదతో పైకొస్తోంది. ఈలోపు రెండో ఇల్లంటుకుంది. మూడోదీ అంటుకుంది. నాలుగోది మా చినమావది. దాని తరవాత ఆ వరసలో ఇంకో ఇరవై ఇళ్ళున్నాయి.

అప్పుడు ఊళ్ళోవాళ్ళు ఒక పని చేసేరు. దోటీలు తెచ్చేరు, పలుపులు తెచ్చేరు, మా చినమావ ఇంటి ముందు నిలబడ్డారు. నిలబడ్డారు గానీ ఎవరికీ చెయ్యి రాలేదు. ఎలా వస్తుంది? అంటుకోని ఇల్లు. మనిషి కళ్ళెదురుగా ఉన్నాడు. మా చినమావ ఒక్క నిమిషం వాళ్ళ మొహాలు చూసేడు. తరవాత తనే నిచ్చెనెక్కి, "లాగండ్రా, ఏటి సూస్తన్నారు, లాగండి" అన్నాడు. తనే మొదటి గడ్డి కట్ట పీకి కింద పడేసేడు. ఇంక అందరూ పడ్డారు. కప్పు లాగేసేరు, వాసాలు లాగేసేరు, గడ్డంతా దూరంగా ఈడ్చేసేరు. మిగిలిన నీళ్ళన్నీ అయిదో ఇంటి కప్పు మీద పోసేరు. మంట మూడో ఇంటి దగ్గర ఆగిపోయింది.

ఫైరింజను గంటన్నర తరవాత వచ్చింది. పాపం వాళ్ళూ చెమటలు కక్కుతూ వచ్చేరు. నిప్పులన్నీ తడిపేరు, మళ్ళీ రాజుకోకుండా చూసేరు, చీకటి పడ్డాక వెళ్ళేరు.

మర్నాడు నష్టం రాసుకోడానికి ఒక ఉద్యోగి వచ్చేరు. ఏ ఆఫీసో, ఎవరో నేను చెప్పను, ఆయన్ని తప్పుపట్టడానికి ఈ కథ చెప్పటం లేదు. కాలిన ఇళ్ళెన్ని? మూడు. మూడిళ్ళ వాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఊరివాళ్ళు మా చినమావ ఇల్లు చూపించేరు. గోడలు నిలబడి ఉన్నాయి. మసి లేదు. "ఇది కాలలేదు కదా, కూలింది కదా" అన్నారాయన. ఆయన కాగితంలో కాలిన ఇళ్ళకే గడి ఉంది. కూల్చుకున్న ఇంటికి గడి లేదు. బియ్యం లేదు, డబ్బు లేదు, ఒక దుప్పటి కూడా లేదు. కాగితంలో మూడిళ్ళే. నాలుగో ఇల్లు లేదు.

ఊరేం చేసిందో చెప్పాలి. మూడిళ్ళు కాలినవాళ్ళే ముందుకొచ్చి, మొదట కప్పు వెయ్యవలసింది ఈ నాలుగో ఇంటికి అన్నారు. ఇంటికో మోపు గడ్డి, ఇంటికో వెదురు. వారంలో కప్పు పడింది. మా చినమావ చాలా ఏళ్ళు బతికేడు. ఎవరైనా ఆ మాటెత్తితే, "నా ఇల్లు కాల్లేదు, మనోలే కూల్చీనారు" అని నవ్వేవాడు. మా అత్త మాత్రం నవ్వేది కాదు. వానాకాలం రెండు నెలల ముందు, చేతిలో డబ్బు లేకుండా, పెట్టెలో దాచుకున్న పెళ్ళిబట్టలు ఆ తొక్కిసలాటలో బురదైపోయి, ఆవిడ పడ్డ కష్టం ఆవిడకి తెలుసు.

ఇన్నేళ్ళూ ఇది మా ఇంటి కథ అనుకున్నాను. సాలూరు స్టేషన్‌లో ఆ పెద్దాయనకి చెప్తే ఆయన ఒక మాటన్నాడు. అదే పని మేం చేస్తే లెక్క వేరుగా ఉండేదండి అన్నాడు. ఇంటికొచ్చి చదివితే నిజమే. ఫైర్ సర్వీసు చట్టాల్లో మామూలుగా ఉండే అంశం ఇది. మంట పాకకుండా ఆపడానికి అవసరమైతే ఫైర్ సిబ్బంది పక్క కట్టడాన్ని పగలగొట్టొచ్చు, కూల్చొచ్చు. చాలా రాష్ట్రాల చట్టాల్లో, అలా జరిగిన నష్టాన్ని బీమా విషయంలో నిప్పు వల్ల జరిగిన నష్టంగానే లెక్కెయ్యాలని కూడా రాసి ఉంటుంది. మా మావకి బీమా ఎక్కడిది లెండి. కానీ వెనకున్న ఆలోచన చూడండి. యూనిఫారం వేసుకున్నవాడు కప్పు లాగితే అది అగ్నిప్రమాదం. పక్కింటివాడు లాగితే అది ఊరికే కూలిన ఇల్లు.

ఇప్పుడు మళ్ళీ అమెరికా వీడియో దగ్గరకి వద్దాం. నేను దాన్ని వింతగా చూసేను కదా. వింతేమీ కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు వినే ఉంటారు. ఆయన 1736లో ఫిలడెల్ఫియాలో స్నేహితుల్ని పోగేసి ఒక ఫైర్ కంపెనీ పెట్టేడు. ఒక్కొక్కడు ఇన్ని తోలు బకెట్లు, ఇన్ని సంచులు ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలని నియమం. బకెట్లు నీళ్ళకి, సంచులు సామాను బయటికి తేవడానికి. మా అమ్మవాళ్ళ బిందెల వరస కన్నా అది గొప్పదేం కాదు. తేడా ఒక్కటే. వాళ్ళు దానికి పేరు పెట్టేరు, నియమాలు రాసుకున్నారు, నెలకోసారి కలిసేరు. ఇవాళ్టికీ అమెరికాలో ఫైర్‌వాళ్ళలో సగానికి పైగా వలంటీర్లే. జర్మనీలో దాదాపు పది లక్షల మంది ఉంటారు. చిలీ దేశంలో అయితే ఫైర్‌వాళ్ళంతా వలంటీర్లే, రాజధానితో సహా. 1851లో వాల్పరాయిసో రేవుపట్నంలో మొదలుపెట్టేరు.

వాళ్ళు మనకన్నా మంచివాళ్ళా? కాదు. మా చినమావ కన్నా మంచివాణ్ణి నాకు ఏ దేశంలోనైనా చూపించండి. వాళ్ళ దగ్గరున్నదీ మన దగ్గర లేనిదీ మూడు. ఒకటి, ఒక షెడ్డూ సామానూ. రెండు, శిక్షణ. మూడు, దెబ్బ తగిలినా ఆస్తి పోయినా చూసుకునే ఏర్పాటు.

మన దేశంలో అస్సలు లేదా అంటే ఉంది. కేరళ చూడండి. 2018 వరదల్లో పడవలేసుకుని వచ్చి జనాన్ని కాపాడింది ముందు ఎవరు? మత్స్యకారులు. దాన్నుంచి పాఠం నేర్చుకుని కేరళ ఫైర్ సర్వీసు ఒక్కో స్టేషన్‌కీ 50 మంది చొప్పున, 124 స్టేషన్లకి 6,200 మంది వలంటీర్లతో సివిల్ డిఫెన్స్ దళం పెట్టింది. జీతగాళ్ళ స్టేషన్‌కి ఊరివాళ్ళని అంటు కట్టేరన్నమాట. కేంద్రంలో విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర అని పథకం మొదలుపెట్టింది. మొదట 30 జిల్లాలు, తరవాత 350 జిల్లాల్లో లక్షమందికి శిక్షణ ఇవ్వాలని పెంచేరు. 12 రోజుల శిక్షణ, ఒక కిట్టు, బీమా. మనవైపు అడవుల్లో 1990ల నుంచి వన సంరక్షణ సమితులున్నాయి. వేసవిలో అడవి అంటుకుంటే ముందు వెళ్ళేది ఆ ఊళ్ళవాళ్ళే.

అడవి అంటే ఒక మాట చెప్పాలి. కొండ కాలుతుంటే కిందనుంచి చూసేవాళ్ళు "పోడు వాళ్ళు తగలెట్టేసేరు" అనేస్తారు. పోడుకి నిప్పుపెట్టడం నిజమే. ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్టు కింద ఆకులు కాల్చడమూ నిజమే. కానీ గాలి ఎటుంది, ఏ వేళకి కాల్చాలి, చుట్టూ ఎంత మేర ఊడ్చి గీత గియ్యాలి అని తరతరాలుగా తెలిసినవాళ్ళు కూడా వాళ్ళే. పచ్చికొమ్మ విరిచి మంటని కొట్టి ఆర్పడం వాళ్ళ పిల్లలకీ వచ్చు. శిక్షణ పేరు చెప్పి మనం పైకెక్కితే, నేర్పడం ఎంతో నేర్చుకోవడమూ అంత ఉంటుంది.

శ్రీకాకుళం వాళ్ళకి తిత్లీ గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజాము, పలాస వైపు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. రోడ్డు మీద చెట్టు మీద చెట్టు. ఫైర్‌వాళ్ళూ జాతీయ విపత్తు దళమూ రంపాలతో వచ్చేరు, రాత్రీపగలూ పనిచేసేరు. కానీ వాళ్ళు ఊరు చేరాలంటే ముందు రోడ్డుండాలి. లోపలి ఊళ్ళలో గొడ్డలి పట్టుకుని మొదటి చెట్టు నరికింది ఆ ఊరి కుర్రాళ్ళే. వాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్లో ఉన్నాయి? నాలుగో ఇల్లు ఎక్కడుందో అక్కడే.

అందుకని నేను చెప్పేది ఇంతే. మన ఊళ్ళలో వలంటీర్ ఫైర్ స్టేషన్ కొత్తగా పెట్టక్కర్లేదు. అది ముందునుంచీ ఉంది. దానికి తలుపూ బోర్డూ లేవు, అంతే. పంచాయతీ ఒక పదిమంది పేర్లు రాసుకుని, ఒక చిన్న పంపూ, నాలుగు నిచ్చెనలూ, దోటీలూ, ఇసక బకెట్లూ ఒకచోట పెడితే, దగ్గర్లో ఉన్న ఫైర్ స్టేషన్ వాళ్ళు ఏడాదికి రెండుసార్లు వచ్చి నేర్పితే చాలు. నేనడిగితే నేర్పడానికి మాకేం అభ్యంతరం అన్నారు స్టేషన్‌లో. మూడోది మాత్రం ప్రభుత్వమే చెయ్యాలి. నష్టం రాసుకునే కాగితంలో ఇంకొక గడి పెట్టాలి. ఊరిని కాపాడ్డానికి కూల్చిన ఇల్లు కూడా కాలిన ఇల్లే అని రాయాలి. అది లేకపోతే రేపు ఎవడు నిచ్చెనెక్కుతాడు? మా చినమావ ఎక్కేడు. అందరూ ఎక్కాలని అడిగే హక్కు మనకి లేదు.

"ఇప్పుడు గడ్డి ఇళ్ళెక్కడున్నాయండీ, అన్నీ స్లాబులే కదా" అంటారేమో. కొండ మీద ఇంకా ఉన్నాయి. కింద గడ్డి తగ్గింది గానీ ఇంటింటికీ గ్యాస్ బండ వచ్చింది, కరెంటు తీగలొచ్చేయి, ఛార్జింగ్ బళ్ళొచ్చేయి. నిప్పు రూపం మార్చుకుంది, పోలేదు.

సెలవు తీసుకునే ముందు స్టేషన్‌లో వాళ్ళు చెప్పిన నాలుగు మాటలు మీకూ చెప్తాను. ఇవి గుర్తుపెట్టుకోండి, ఇంట్లో పిల్లలకి చెప్పండి.

ఫోన్ నంబరు 101. 112కి చేసినా చెప్తారు. ఫోన్ చేసినప్పుడు "మా ఊళ్ళో అంటుకుందండీ" అని పెట్టేయకండి. ఏ మండలం, ఏ ఊరు, ఏ గుడి దగ్గర, బండి ఏ దారిలో పడుతుంది, దగ్గర్లో నీళ్ళెక్కడున్నాయి, చెప్పండి. ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టండి. కొండ ఊళ్ళలో దారి వెతుక్కోడానికే చాలా టైము పోతుందట.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకండి. మంట ఎగిరి మీద పడుతుంది. స్టవ్వు కట్టేసి మూత పెట్టెయ్యండి. కరెంటు వల్ల అంటుకుంటే ముందు మెయిన్ ఆపండి. అది ఆపకుండా నీళ్ళు ముట్టుకోకండి.

ఒంటి మీద బట్టకి అంటుకుంటే పరిగెత్తకండి. నేల మీద పడి దొర్లండి. పక్కనున్నవాళ్ళు దుప్పటి కప్పండి. కాలినచోట మామూలు చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు పొయ్యండి. పేస్టు, సిరా, పసుపు, బురద, ఇవేవీ రాయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సామాను కోసం మళ్ళీ లోపలికి వెళ్ళకండి. మనిషి బయటికొచ్చేడా లేదా, అది ఒక్కటే లెక్క.

నేను స్టేషన్ నుంచి బయటికొచ్చేసరికి చీకటి పడుతోంది. పైన కొండ మీద సన్నగా ఒక ఎర్ర గీత కనిపించింది. పోడో, ఇప్పచెట్టు కింద మంటో, ఇంకేదో. పెద్దాయన కూడా బయటికొచ్చి కాసేపు దానికేసి చూసేడు. గీత కదలటం లేదు. "ఎవరో దగ్గరుండి సూసుకుంటన్నారు" అని లోపలికి వెళ్ళిపోయేడు.

ఈసారి మీ ఊరు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని అడగండి. అప్పుడెప్పుడో నిప్పంటుకున్నప్పుడు ఎవరు ముందొచ్చేరు, ఎవరి ఇల్లు లాగేసేరు అని. ప్రతి ఊళ్ళోనూ ఒక నాలుగో ఇల్లు ఉంటుంది. ఆ ఇంటివాళ్ళ పేర్లు రాసిపెట్టుకోండి.